తాతయ్య బాధ మనవడి నోట

ఈ నెల అమెరికా నుంచి వచ్చిన ఉత్తరాలకే ఈ పేజీ. నేను కూడా అక్కడే క్లినికల్ సోషల్ వర్కర్‌గా పనిచేస్తున్నాను కాబట్టి ఎడిటరుగారు అన్నీ కట్టగట్టి నాకే పంపారు. మా క్లినిక్‌కి శరణార్థులూ, వేరే దేశాల నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్ళూ ఎక్కువగా వస్తారు. ఉత్తరాలు కుదించాను. ఎవరు రాశారో తెలిసే వివరాలు తీసేశాను.

ప్రశ్న: మేడమ్, మా నాన్నగారికి 71 ఏళ్ళు. హెడ్మాస్టరుగా రిటైరయ్యారు. అమ్మ పోయాక గ్రీన్‌కార్డు చేయించి టెక్సస్‌లో మా దగ్గరికి తెచ్చుకున్నాం. వచ్చిన కొన్నాళ్ళకే గుండెల్లో బరువుగా ఉందనడం మొదలుపెట్టారు. అరికాళ్ళు మంటలంటారు. రాత్రి రెండింటికి లేచి హాల్లో పచార్లు చేస్తుంటారు. ఈసీజీ, ఎకో, షుగరు, థైరాయిడ్ అన్నీ నార్మల్. పోయినసారి నాకు సెలవు దొరకలేదు. మావారు తీసుకెళ్ళారు గానీ, ఆఫీసు కాల్ వచ్చి వెయిటింగ్ రూములో ఉండిపోయారు. లోపల డాక్టరుకి మా పన్నెండేళ్ళ అబ్బాయే అన్నీ చెప్పాడు. తొమ్మిది ప్రశ్నల కాగితం ఒకటి ఇస్తే తాతయ్య అన్నిటికీ సున్నా పెట్టించారట. డిప్రెషన్ ఏమీ లేదని పంపేశారు. కౌన్సెలింగ్ మాట ఎత్తితే ‘నాకేమన్నా పిచ్చా?’ అని నాన్నగారు రెండు రోజులు నాతో మాట్లాడలేదు. తిరిగి ఇండియా పంపించేయమంటారా?

జవాబు: అమ్మా, ముందు ఆ కాగితం సంగతి చూద్దాం. దాన్ని పీహెచ్‌క్యూ-9 అంటారు. గత రెండు వారాల్లో పనుల మీద ఆసక్తి తగ్గిందా, దిగులుగా ఉందా, నిద్ర ఎలా ఉంది, ఆకలి ఎలా ఉంది అని అడుగుతూ పోతుంది. ఒక్కోదానికి సున్నా నుంచి మూడు దాకా వేయాలి. చిట్టచివరి ప్రశ్న ఏమిటో తెలుసా? చచ్చిపోతే బాగుండుననో, తనకు తాను ఏదైనా హాని చేసుకోవాలనో ఆలోచనలు వస్తున్నాయా అని. ఆ ప్రశ్నని మీ అబ్బాయి వచ్చీరాని తెలుగులో, తాతయ్య మొహంలోకి చూస్తూ అడిగాడు. జీవితమంతా పిల్లల ముందు నిటారుగా నిలబడ్డ మనిషి ఆ పిల్లాడికి సున్నా అని కాక ఇంకేం చెబుతారు?

కాబట్టి ఆ సున్నాలు పట్టుకుని ఆయనకు డిప్రెషన్ లేదనుకోవడానికి వీల్లేదు. ఉందని నేనూ ఇక్కడ కూర్చుని చెప్పలేను. మళ్ళీ అడగాలి, అడగాల్సిన మనిషి అడగాలి. (మీ అబ్బాయితో కూడా ఒకసారి కూర్చుని మాట్లాడండి. ఆ చివరి ప్రశ్న వాడి బుర్రలో తిరుగుతూనే ఉంటుంది. ‘ఇక నుంచి ఆ పని నీది కాదు నాన్నా’ అని చెప్పండి.)

ఫెడరల్ ప్రభుత్వం నుంచి డబ్బు అందుకునే ఆసుపత్రులూ క్లినిక్‌లూ, ఇంగ్లీషు సరిగా రాని పేషెంటుకి ఉచితంగా ఇంటర్‌ప్రెటర్‌ని ఏర్పాటు చేయాలి. మెడికేర్, మెడికెయిడ్ అనే ప్రభుత్వ ఆరోగ్య బీమాలు తీసుకునే చోట్లన్నీ దాదాపుగా ఈ లెక్కలోకే వస్తాయి. 1964 నాటి పౌరహక్కుల చట్టంలో టైటిల్ 6, 2010 నాటి ఆరోగ్య చట్టంలో 1557వ సెక్షన్ దీనికి ఆధారం. పైసా అడగకూడదు. మైనర్ పిల్లల చేత ఇంటర్‌ప్రెటర్ పని చేయించనే కూడదు. ప్రాణం మీదికొచ్చి, ఆ క్షణాన ఇంకెవరూ దొరకనప్పుడు మాత్రమే దానికి మినహాయింపు. అపాయింట్‌మెంటు తీసుకునేటప్పుడే ‘తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలి’ అని చెప్పండి, ముందురోజు ఫోన్ చేసి మళ్ళీ గుర్తుచేయండి. ‘మీరు వస్తారుగా, మీరే చెప్పేయండి’ అని రిసెప్షన్‌లో దాటేయబోతారు. మొహమాటపడకండి.

మీరు వెళ్ళినా గది బయటే కూర్చోండి. ఈ మాట మీకు కష్టంగా ఉంటుందని తెలుసు. కానీ ఆయన చెప్పుకోవలసిన సంగతుల్లో కొన్ని మీ అమ్మగారి గురించి అయి ఉండొచ్చు, కొన్ని మీ ఇంటి గురించే అయి ఉండొచ్చు. ‘అమ్మాయి బంగారంలా చూసుకుంటోంది, అయినా నాకిక్కడ ఊపిరాడడం లేదు’ అన్న మాట ఏ తండ్రీ కూతురి ముందు అనడు. పొద్దున్న లేస్తే నలుగురు నమస్కారం పెట్టిన ఊళ్ళోంచి వచ్చి, కారు నడపలేక, పక్కింటివాళ్ళతో మాట్లాడలేక, పోస్టు వస్తే అదేమిటో మనవడిని అడిగి తెలుసుకోవాల్సిన స్థితిలో పడ్డారు. పైగా భార్య పోయిన దుఃఖం అలాగే ఉంది. దాని గురించి ఆయనతో తీరిగ్గా మాట్లాడిన మనిషి అక్కడ ఒక్కరైనా ఉన్నారా?

ఇంటర్‌ప్రెటర్ అంటే ఇంకో భయం ఉంటుంది. ‘ఆ వచ్చేది ఎవరో తెలుగాయనే కదా, రేపు గుళ్ళో కనబడితే?’ అని. సమంజసమైన భయమే. అందుకే ఫోన్‌లోనో వీడియోలోనో ఇంటర్‌ప్రెటర్ కావాలని అడగండి. ఆ మనిషి ఏ మూలో ఇంకో రాష్ట్రంలో ఉంటాడు. మీ నాన్నగారి పేరు కూడా అతనికి చెప్పనక్కర్లేదు. మా దగ్గర ‘ఊరివాళ్ళు వద్దు’ అని నెమ్మదిగా చెవిలో చెప్పే పెద్దవాళ్ళు ఎందరో. మగవాళ్ళే కావాలనో ఆడవాళ్ళే కావాలనో అడగొచ్చు, దొరికితే పెడతారు.

ఇక గుండె బరువు. అది నటన కాదు, ‘ఏమీ లేదు, అంతా మనసులోనే’ అని మాత్రం అనకండి. దుఃఖం చాలామందిలో ఒంట్లోంచే బయటికి వస్తుంది, ముఖ్యంగా దాన్ని ఇంకోలా చెప్పుకునే చోటు లేనప్పుడు. కౌన్సెలింగ్ అన్న మాటే వద్దు. ‘నాన్నా, నిద్ర పట్టడం లేదు కదా, దాని గురించి డాక్టరుతో సావకాశంగా మాట్లాడదాం’ అనండి. ఇందులో మోసమేమీ లేదు, నిద్ర నిజంగానే పోయింది కదా.

2013లో అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ మానసిక వ్యాధుల నిర్ధారణకి వాడే పుస్తకం డీఎస్ఎం-5 తెచ్చినప్పుడు అందులో 16 ప్రశ్నల వరస ఒకటి చేర్చింది. కల్చరల్ ఫార్ములేషన్ ఇంటర్వ్యూ అంటారు. మీకొచ్చిన ఇబ్బంది ఏమిటి, మీవాళ్ళకు దాన్ని ఎలా చెబుతారు, ఎందుకొచ్చిందనుకుంటున్నారు, ఇదివరకు దేనివల్ల తెరిపి దొరికింది, ఇప్పుడు ఎలాంటి సాయం కావాలి, ఇలా సాగుతుంది. జబ్బు పేరు చెప్పే ముందు మనిషి లెక్కలో ఆ బాధ ఏమిటో కనుక్కోవడం దీని ఉద్దేశం. డాక్టరుకు పదిహేను నిమిషాల్లో ఇదంతా అడిగే తీరిక ఉంటుందని నేను అనుకోను. మీరే అడగండి. కారులో అయితే మరీ మంచిది, ఒకరి మొహం ఒకరు చూసుకోనక్కర్లేదు. హెడ్మాస్టరుగారిని ‘మీరేమనుకుంటున్నారు?’ అని అడిగి చూడండి, ఎంత చెబుతారో.

మందులు రాస్తే అవి పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది. వారానికే లాభం లేదని మానిపించకండి. ఊరి నుంచి తెచ్చుకున్న మాత్రలూ, చూర్ణాలూ ఏవైనా ఉంటే వాటిని కూడా డాక్టరుకి చూపించండి.

ఇండియా పంపాలా అన్నది మనిద్దరం తేల్చే విషయం కాదు, ఆయన్నే అడగండి. కొన్నాళ్ళు వెళ్ళొస్తానంటే వెళ్ళనివ్వండి. గ్రీన్‌కార్డు వాళ్ళు ఏడాదికి మించి బయట ఉంటే కార్డు వదులుకున్నట్టు లెక్కేస్తారు, ఆరు నెలలు దాటినా తిరిగొచ్చేటప్పుడు ప్రశ్నలు పడొచ్చు. ఎక్కువకాలం ఉండేట్టయితే అమెరికాలో ఉండగానే రీఎంట్రీ పర్మిట్‌కి అప్లికేషన్ పెట్టాలి. అది రెండేళ్ళ దాకా పనికొస్తుంది.

ఆయన నోట చావు మాట వస్తే మాత్రం అపాయింట్‌మెంటు దాకా ఆగొద్దు. ఆత్మహత్య ఆలోచనలున్నవాళ్ళ కోసం అమెరికాలో నడిచే హెల్ప్‌లైన్ 988కి ఫోన్ చేయండి. ఇంగ్లీషు రాకపోయినా ‘తెలుగు’ అంటే ఇంటర్‌ప్రెటర్‌ని లైనులో కలుపుతారు. ఫోన్ అయితేనే ఈ సౌకర్యం, మెసేజ్‌లకూ చాట్‌కూ లేదు.

ప్రశ్న: అక్కా, నేను ఎమ్మెస్ రెండో సెమిస్టర్. తిండి సయించడం లేదు, క్లాసుకి వెళ్ళబుద్ధి కావడం లేదు, రాత్రంతా టెన్షన్. మూడు సబ్జెక్టుల్లో రెండు పోయేలా ఉన్నాయి. పొలం తాకట్టు పెట్టి లోన్ తెచ్చారు. యూనివర్సిటీలో కౌన్సెలింగ్ ఫ్రీ. కానీ వెళితే రికార్డులోకి ఎక్కి రేపు వీసా స్టాంపింగ్‌కీ, ఉద్యోగానికిచ్చే హెచ్-1బీ వీసాకీ అడ్డమొస్తుందని రూమ్మేట్లు అంటున్నారు. ఈలోగా ఒక సబ్జెక్టు వదిలేద్దామనుకుంటున్నా.

జవాబు: వదలకు. ముందు ఇది పూర్తిగా చదువు.

ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్ళు చెప్పాపెట్టకుండా సబ్జెక్టు తీసేసి ఫుల్‌టైమ్ కన్నా కిందికి పడిపోతే స్టేటస్ పోతుంది. అదే పని పద్ధతి ప్రకారం చేస్తే ఏ ఇబ్బందీ లేదు. ఆరోగ్య కారణం మీద కోర్సుల భారం తగ్గించుకునే వెసులుబాటు రూల్సులోనే ఉంది. అవసరమైతే ఆ సెమిస్టర్‌కి ఒక్క సబ్జెక్టూ లేకుండా కూడా ఉండొచ్చు. ఒక డిగ్రీ స్థాయిలో మొత్తం కలిపి 12 నెలల దాకా ఇస్తారు. డిప్రెషన్, యాంగ్జయిటీ కూడా ఆరోగ్య కారణాలే. లైసెన్సున్న డాక్టరో, క్లినికల్ సైకాలజిస్టో లేఖ ఇవ్వాలి. నాలాంటి సోషల్ వర్కర్ ఇచ్చేది దీనికి చెల్లదు, కాబట్టి కౌన్సెలింగ్ సెంటర్‌లో నిన్ను చూసేది ఎవరో మొదటిరోజే కనుక్కో. ఆ లేఖ పట్టుకుని ఇంటర్నేషనల్ ఆఫీసులో విదేశీ విద్యార్థుల స్టేటస్ చూసే అధికారి డీఎస్ఓని కలవాలి, అతను సిస్టమ్‌లో ఆమోదించాకే సబ్జెక్టు తీసేయాలి. ఈ వరస తారుమారైతే నేనూ ఏమీ చేయలేను, అతనూ చేయలేడు. వచ్చే సెమిస్టర్‌కి కూడా కావాలంటే మళ్ళీ అడగాలి.

ఇక రికార్డు భయం. మీ రూమ్మేట్ల పుకారు గాల్లోంచి పుట్టింది కాదు. వీసాకి నింపే డీఎస్-160 ఫారంలో ఒక ప్రశ్న ఉంది. నీకుగానీ ఇతరులకుగానీ ప్రమాదం తెచ్చే మానసిక లేదా శారీరక వ్యాధి ఉందా అని. అందరూ అందులో ‘మానసిక’ దాకా చదివి ఆగిపోతారు. చట్టం చూసేది ప్రమాదకరమైన ప్రవర్తన ఉందా అని. దిగులుతో కౌన్సెలర్‌ని కలవడం, మందు వాడడం దాని కిందికి రావు. తనకు తాను హాని చేసుకోవడం లాంటిది జరిగి ఉంటే మాత్రం ఆ ఫారం నింపే ముందు ఇమిగ్రేషన్ లాయరుని అడగడం మంచిది. యూనివర్సిటీ కౌన్సెలింగ్ సెంటర్ నీ ఫైలు తీసుకెళ్ళి ఇమిగ్రేషన్ వాళ్ళకి ఇవ్వదు. పద్దెనిమిది దాటాయి కాబట్టి మీ నాన్నగారికి కూడా నువ్వు ఒప్పుకోకుండా చెప్పదు. నీ ప్రాణానికో ఇంకొకరి ప్రాణానికో ముప్పు ఉందనిపించినప్పుడు, లేదా కోర్టు ఆర్డరు వచ్చినప్పుడు గుట్టు విప్పక తప్పదు. మొదటి మీటింగులోనే ఈ మినహాయింపులు నీకు చెప్పి సంతకం తీసుకుంటారు, చదివే పెట్టు.

రూమ్మేట్లు చెప్పని సంగతి ఒకటుంది. అక్కడి కౌన్సెలర్ నీ మాట విని ‘మీ తల్లిదండ్రుల అంచనాలు వాళ్ళవి, నీ జీవితం నీది’ అని చెప్పే అవకాశం ఉంది. నువ్వు పొలం గురించి ఆలోచిస్తూ ఆ కుర్చీలో కూర్చుని ఉంటావు. ‘ఈవిడకి ఏం తెలుసు’ అనుకుని రెండోసారి వెళ్ళవు. ఇలా ఒక్కసారి వెళ్ళి మానేసిన మన పిల్లలు ఎంతమందో. మానేయకు, అక్కడే ఎదురు చెప్పు. ‘లోన్ మా నాన్న పేరు మీద ఉంది, పొలం పోతే ఇంట్లో వాళ్ళకి గడవదు, వాళ్ళని వదులుకోకుండా నేనేం చేయగలనో అది మాట్లాడదాం’ అని సూటిగా అను. మంచి కౌన్సెలరైతే నోట్సు పక్కన పెట్టి మీ ఇంటి గురించి అడగడం మొదలుపెడుతుంది. అడగకపోతే వేరేవాళ్ళని కేటాయించమని అడుగు, ఎవరూ ఏమీ అనుకోరు.

తెలుగు మాట్లాడే థెరపిస్టు కావాలంటే ఒక చిక్కుంది. నువ్వు ఏ రాష్ట్రంలో ఉంటే ఆ రాష్ట్రంలో వాళ్ళకి లైసెన్సు ఉండాలి. సైకాలజిస్టులకైతే సైప్యాక్ట్ అనే ఒప్పందం ఉంది. అందులో చేరిన రాష్ట్రాల మధ్య, అందుకు అనుమతి తీసుకున్నవాళ్ళు వీడియోలో చూడొచ్చు. వెతికేటప్పుడు ఆ మాట అడుగు.

రోజూ ‘బాగున్నానమ్మా’ అని ఫోన్ పెట్టేస్తున్నావని రాశావు. అంతా ఒకేసారి చెప్పనక్కర్లేదు. ‘ఈ సెమిస్టర్ కష్టంగా ఉంది, ఆఫీసులో మాట్లాడి ఒక సబ్జెక్టు తగ్గించుకుంటున్నా’ అని మొదలుపెట్టు. అది విని అమ్మకి నిద్రపట్టకపోతే, ఆవిడకీ ఒక నంబరుంది: 14416, టెలీ మానస్. ఇండియాలో ప్రభుత్వం నడిపేది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

ప్రశ్న: నేను ఒహాయోలో ఉంటాను. భూటాన్ నుంచి శరణార్థులుగా వచ్చిన, నేపాలీ మాట్లాడే పెద్దావిడలకి లైబ్రరీలో ఇంగ్లీషు నేర్పుతున్నాను. వాళ్ళలో ఒకావిడ ఎప్పుడూ దిగులుగా ఉండేది. మనసు తేలికపడుతుందని క్లాసులో ‘క్యాంపులో మీరు పడ్డ కష్టాలు చెప్పండి’ అన్నాను. మర్నాటి నుంచి రావడం లేదు. వాళ్ళూ హిందువులే కదా, గుడికి తీసుకెళితే బాగుంటుందా?

జవాబు: మంచి మనసుతోనే అడిగారు. కానీ ఆవిడ వైపు నుంచి చూడండి. సుమారు లక్షమంది 1990ల మొదట్లో భూటాన్ నుంచి గెంటివేతకు గురై, తూర్పు నేపాల్‌లో ఝాపా, మొరంగ్ జిల్లాల శిబిరాల్లో ఏళ్ళతరబడి వెదురు గుడిసెల్లో ఉన్నారు. అక్కడి నుంచి బయటపడాలంటే మళ్ళీ మళ్ళీ ఇంటర్వ్యూలు. ఐక్యరాజ్యసమితి వాళ్ళు అడుగుతారు, తర్వాత అమెరికా అధికారులు అడుగుతారు. ప్రతిసారీ అదే కథ, తేదీ తప్పితే అనుమానం. కష్టాలు చెప్పండి అని ఎవరైనా అడిగితే ఆవిడకి గుర్తొచ్చేది ఆ టేబుళ్ళే. అదీ పదిమంది తోటివాళ్ళ మధ్య.

పైగా వీళ్ళని కుంగదీస్తున్నది గతం ఒక్కటే కాదు. 2009 ఫిబ్రవరి నుంచి 2012 ఫిబ్రవరి మధ్య అమెరికాలో స్థిరపడ్డ భూటాన్ శరణార్థుల్లో 16 మంది ఆత్మహత్య చేసుకుంటే, అక్కడి వ్యాధి నియంత్రణ కేంద్రం సీడీసీ వాళ్ళ బంధువులతో మాట్లాడి విచారించింది. ఇక్కడికి వచ్చాక పడ్డ ఇబ్బందుల్లో బంధువులు ముందుగా చెప్పినవి భాష రాకపోవడం, వెనక ఉండిపోయినవాళ్ళ గురించిన బెంగ. ఆ మొదటిదాన్నే మీరు క్లాసులో తీరుస్తున్నారు. మందుల సీసా మీద లేబుల్ చదవడం, బస్సు డ్రైవరుకి దిగాల్సిన చోటు చెప్పడం నేర్పండి. కొడుకుని బతిమాలకుండా ఆవిడ ఒక్కతే ఫార్మసీకి వెళ్ళొచ్చిన రోజు మొహం చూడండి.

తోటి ఆవిడ చేత ‘టీచరు రమ్మంటోంది’ అని కబురు పంపండి. వస్తే ఎందుకు మానేశావని అడగొద్దు. దిగులు ఎక్కువగా ఉందనిపిస్తే వాళ్ళు వెళ్ళే క్లినిక్‌లో ఆర్‌హెచ్‌ఎస్-15 చేయమని చెప్పండి. సియాటిల్ ప్రాంతంలో శరణార్థుల కోసమే తయారుచేసిన ప్రశ్నావళి అది, నేపాలీలోనూ ఉంది. మొదటి ప్రశ్న కండరాల, ఎముకల, కీళ్ళ నొప్పుల గురించి. ఎంత బాధగా ఉందో అంకె వేయడం రానివాళ్ళ కోసం ఖాళీ జాడీ నుంచి నిండు జాడీ దాకా బొమ్మలుంటాయి, వేలు పెట్టి చూపిస్తే చాలు. క్యాంపులో ఏం జరిగిందో చెప్పమని అడగదు.

మీరు డాక్టరు కాదని వెనక్కి తగ్గక్కర్లేదు. జింబాబ్వేలో డిక్సన్ చిబాండా అనే సైకియాట్రిస్టు 2006లో మామూలు బామ్మలకి శిక్షణ ఇచ్చి క్లినిక్ ఆవరణలో బెంచీల మీద కూర్చోబెట్టాడు. బాధతో వచ్చినవాళ్ళతో వాళ్ళు కూర్చుని, ముందు ఏ సమస్య సంగతి చూద్దామో తేల్చుకునేవారు. 2016లో వెలువడిన పరిశోధనలో, మామూలు వైద్యం మాత్రమే అందినవాళ్ళకన్నా బెంచీ దగ్గరికి వచ్చినవాళ్ళు బాగా తేరుకున్నారని తేలింది. శిక్షణ ఇచ్చారన్న మాట గమనించండి. మీ ఊళ్ళో శరణార్థుల సంస్థ ఏదైనా అలాంటి శిక్షణ ఇస్తుంటే చేరండి.

గుడి సంగతి ఆవిడ అడిగితే చూద్దురుగాని. వాళ్ళలో హిందువులు ఎక్కువే గానీ బౌద్ధులున్నారు, కిరాత మతస్థులున్నారు, క్రైస్తవులూ ఉన్నారు. ఆవిడ ఎవరో మీకింకా తెలియదు కదా.

ప్రశ్న: నేను హెచ్-1బీ, నా భార్య నా మీద ఆధారపడి వచ్చే హెచ్-4 వీసా. ఇంట్లో ఒక్కతే ఉండి డల్ అయిపోతోందని నేనే కౌన్సెలింగ్‌కి పంపాను. ఇన్సూరెన్సు నాది, వెళ్ళిన ప్రతిసారీ చేతి నుంచి కట్టే కోపే నాది. లోపల ఏం మాట్లాడుతోందో చెప్పమంటే కౌన్సెలర్ చెప్పనంటోంది. భర్తగా నాకు తెలియాలి కదా?

జవాబు: తెలియనక్కర్లేదు. పంపినందుకు మెచ్చుకుంటున్నాను, అక్కడితో ఆగండి. ఆవిడ అనుమతి లేకుండా మీకు చెబితే ఆ కౌన్సెలర్ లైసెన్సుకే ముప్పు. 1996 నాటి హిపా చట్టం కట్టింది ఎవరని చూడదు, పేషెంటు ఎవరని చూస్తుంది. మీకు నిజంగా తెలుసుకోవాలని ఉంటే, ఆవిడ ఇంటికొచ్చాక కాఫీ పెట్టి ఇచ్చి, ఏమీ అడగకుండా పక్కన కూర్చోండి. చెప్పాలనిపిస్తే చెబుతుంది.

ఇంకో మాట. ఇన్సూరెన్సు కంపెనీ నుంచి మీ పేరున వచ్చే స్టేట్‌మెంట్లలో ఆవిడ ఏ తేదీన ఎవరి దగ్గరికి వెళ్ళిందో ఉంటుంది. అది మీకు రావడం ఇష్టం లేకపోతే వేరే అడ్రసుకో, తన ఈమెయిల్‌కో పంపమని ఆవిడే కంపెనీని అడగొచ్చు. ఈ సంగతి మీ జవాబులో ఎందుకు రాస్తున్నానంటారా? ఈ పత్రిక మీ ఇంట్లో ఆవిడ కూడా చదువుతుందని మీరే రాశారు.